నలభై మూడో చీటీ

పొద్దున్నుంచి ఇస్త్రీ అక్క అదే దుప్పటిని మూడోసారి ఇస్త్రీ చేస్తోంది. కుట్టుపనివాళ్ల సంఘంలో పని పోయి నెలైంది గానీ చెయ్యి ఊరుకోదు కదా. పైగా ఇవాళ సంఘంలో ఓటింగు. ఇకమీదట ఎన్నికలే వద్దు, అన్నీ అధ్యక్షుడే చూసుకుంటాడు అన్న తీర్మానం మీద.

పోయిన సమావేశంలో "ఎందుకు వద్దు?" అని అడిగింది ఈవిడొక్కతే. మర్నాడే సభ్యుల జాబితాలో ఈవిడ పేరు మీద గీత పడింది, పనీ పోయింది. నిన్న అధ్యక్షుడి నుంచి కబురొచ్చింది. ఓటింగు రోజు ఇంటిపట్టున ఉంటే సోమవారం నుంచి పనిలోకి రావచ్చట.

"నోరు మూసుకుని కూర్చో, నీకు పుణ్యముంటుంది," అంది అత్తగారు నాలుగోసారి.

మధ్యాహ్నం దాటాక కాజాలు కుట్టే పిన్ని రొప్పుతూ వచ్చి గడపలో కూలబడింది.

"పెట్టె తెరుచుకోవట్లేదే!"

ఆ ఓట్ల పెట్టె సంగతి అందరికీ తెలిసిందే. ఓటు వెయ్యాల్సినవాళ్లు ఒక్కరు మిగిలినా మూత రాదు. ఒకసారి కటింగు మాస్టారు జ్వరంతో పడుకుంటే పెట్టెనే ఆయన మంచం దాకా మోసుకెళ్లారు.

"జాబితాలో ఉన్న నలభై ఇద్దరం వేశాం," అంది పిన్ని. "అధ్యక్షుడు తాళం తిప్పాడు, స్క్రూడ్రైవరు పెట్టాడు, ఆఖరికి కాలితో తన్నాడు. కాలు వాచింది గానీ మూత రాలేదు. అందరూ నీ ఇస్త్రీ బల్ల వైపే చూస్తూ కూర్చున్నారు."

ఇస్త్రీ అక్క ఇస్త్రీపెట్టెను దుప్పటి మీదే ఆపేసింది. "నేను రాను పిన్నీ. సోమవారం పని పోతుంది. నాకు భయంగా ఉంది."

"బలవంతమేం లేదమ్మా. పెట్టె ఎంతసేపు ఆగితే మేమూ అంతసేపు ఆగుతాం."

మాడు వాసన వచ్చింది. ఇస్త్రీపెట్టె కింద దుప్పటి కాలింది. పదేళ్లలో ఆమె చేతిలో బట్ట కాలడం ఇదే మొదలు. అత్తగారు గబగబా వచ్చి ప్లగ్గు పీకేసింది.

"ఇక్కడే ఉంటే కొంప తగలబెట్టేలా ఉన్నావు. వెళ్లిరా."

సంఘం హాల్లో మిషన్లన్నీ ఆగి ఉన్నాయి. గుమ్మంలో అధ్యక్షుడు కుంటుతూ ఎదురొచ్చాడు.

"సోమవారం సంగతి గుర్తుందా?" అన్నాడు మెల్లగా.

గుర్తుంది. అయినా వెళ్లి చీటీ అందుకుంది. ఎన్ని వేల చొక్కాలు మడతపెట్టిన వేళ్లో, ఆ చిన్న చీటీ మడవడానికి రెండుసార్లు తడబడ్డాయి. చీటీ లోపల పడగానే మూత దానంతటదే లేచింది.

గుమాస్తా లెక్కపెట్టాడు. తీర్మానం వద్దన్నవి ముప్పై ఒకటి, సరేనన్నవి పన్నెండు.

"అంటే నేను రాకపోయినా ఇంతేగా!" అంది ఇస్త్రీ అక్క. ఇంత భయపడిందీ ఇందుకా అని ఏడుపొచ్చేసింది.

"ఇంతే," అన్నాడు గుమాస్తా. పేర్ల పుస్తకం తెరిచి, ఆఖరి పేరు కింద నలభై మూడు అని వేసి, ఆమె పేరు మళ్లీ రాశాడు. అధ్యక్షుడు వాచిన కాలు చూసుకుంటూ ఉండిపోయాడు.

కాజాల పిన్ని చొక్కాల కట్ట తెచ్చి ఇస్త్రీ బల్ల మీద పెట్టింది.

"సోమవారం దాకా ఎందుకు," అంది.