చెయ్యెత్తే రూలు

"వడకి పప్పు నానేసినావా నాయకీ? సాయంత్రం ముఖ్య అతిథి మనింట్లోనే కాఫీ తాగి మైదానానికి పోతాడు," అన్నాడు రఘురామ, పేపరులోంచి తలెత్తకుండానే.

రంగనాయకి అప్పటికి ఇడ్లీ రేకుల్లో పిండి పోస్తోంది. ఆ సాయంత్రం మిల్లు మైదానంలో జరిగే సభ ఆమె కోసమే. మద్రాసులో ఒక బ్యాంకు జట్టుకి పన్నెండేళ్ళు జీతం మీద బాస్కెట్‌బాల్ ఆడింది. ఆ తరువాత పాతికేళ్ళు ఈ ఊళ్ళోనే, తమిళనాడు రాజపాళయంలో, ఆడపిల్లల కాలేజీలో కోచ్‌గా చేసి పోయిన ఏడు రిటైరయింది. ఇప్పటికీ సాయంత్రాలు మిల్లు మైదానంలో పిల్లలకి ఆట నేర్పుతోంది. అలాంటి మనిషికి ఊరు శాలువా కప్పబోతోంది. తన సన్మానానికి తనే వడలు వండుకోవాలా అని అడిగేరు. మరి ఎవరు వండుతారండీ? ఆయనకి పొయ్యి వెలిగించడం కూడా రాదాయె!

"అతిథి ఎవరు?" అంది.

"చెప్పలేదా? నీ పాత కోచే, రాజగోపాల సార్. మా అన్నే స్వయంగా ఫోన్ చేసి పిలిచినాడు. నీకు సంతోషంగా ఉంటుందని సుమ్మా ఊరికే దాచిపెట్టినాను."

గరిటెలో పిండి రేకు దాటి పొయ్యి మీద పడింది. మాడు వాసన వచ్చింది. 

"నీ దగ్గర ఆట నేర్చుకొనే ముత్తుమారి చేరేదానికి పోయే అకాడమీ ఆయనదే," రఘురామ చెప్పుకుపోతున్నాడు. "పేరేమో కొడుకు పేరున పెట్టినాడు, నడిపేది ఆయనే. సభ అయినంక ఆ పిల్లని ఆయన కార్లోనే తీసుకొని పోతాడంట. బస్సు చార్జీ కూడా మిగిలింది వాళ్ళకి. ఏం, ఏదో మాడుతా ఉంది?"

"నాదే తప్పు," అంది రంగనాయకి. మాట దానంతటదే వచ్చేసింది.

ఈ 'నాదే తప్పు' సంగతి కొంచెం చెప్పాలి. ఆమె ఆట నేర్చుకున్న రోజుల్లో బాస్కెట్‌బాల్‌లో ఒక రూలుండేది. ఫౌల్ చేసిన మనిషి స్కోరర్ బల్లకేసి తిరిగి చెయ్యి పైకెత్తాలి. స్కోరర్ రాసుకునేదాకా దించకూడదు. ఆ రూలు పోయి చాలా ఏళ్ళయింది. ఇప్పుడు ప్రపంచంలో ఎక్కడా ఎవరూ ఎత్తరు, రంగనాయకి పిల్లలు తప్ప. ఆవిడ కోర్టులో మాత్రం ఎత్తి తీరాలి. "తప్పు చేసేది తప్పు కాదే, దాచేది తప్పు," అని పాతికేళ్ళుగా ఒకటే పాట. బయటి ఊళ్ళ జట్లు చూసి నవ్వేవి. నవ్వితే నవ్వనీ అనేది. అయితే కోర్టులో నేర్చిన ఆ గుణం ఇంట్లో ఆమె నెత్తికెక్కి కూచుంది. సాంబారులో ఉప్పెక్కువయితే పైకి లేచేది ఆమె చెయ్యే. పాలవాడు రాకపోతే ఆమె చెయ్యే. అత్తగారు గోవిందమ్మాళ్ వద్దన్నా వినకుండా ఐస్‌క్రీము తిని దగ్గితే, దానికీ ఆమె చెయ్యే. "మా ఇంట్లో అయిదు ఫౌళ్ళకి బయటికి పంపే రూలు లేదు. ఉండి ఉంటే ఈమె పెళ్ళయిన వారానికే పుట్టింటికి పోయి ఉండేది," అని రఘురామ నలుగురిలో జోకు వేసేవాడు. నలుగురూ నవ్వేవారు. ఆమె కూడా నవ్వేది, ఏం చేస్తుంది!

కానీ ఎనభై ఏడులో, ఒక వేసవి శిబిరంలో, చెయ్యెత్తాల్సింది ఆమె కాదు. ఆమెకి ఇరవై ఏళ్ళు. ఎడమ మోకాలు వాచింది. రాజగోపాల సార్ "కట్టు నేను కడతాను, రూముకి రామ్మా" అన్నాడు. గురువు పిలిస్తే పోకుండా ఎట్లా ఉంటుంది? పోయింది. బల్ల మీద కొత్త బ్యాండేజి గుడ్డ, పక్కన నొప్పి తైలం సీసా. వెనకాల తలుపు గడియ పడిన చప్పుడు. ఆ చప్పుడు దాకా అన్నీ వరసగా గుర్తున్నాయి. ఆ తరువాత గుర్తున్నవి ఆమె ఎవరికీ చెప్పలేదు. మర్నాడు ఆట ఆడింది, ఇరవై రెండు పాయింట్లు కొట్టింది. పేపర్లో ఫోటో కూడా పడింది.

ఎవరికీ అంటే, ఒకరికి చెప్పింది. పెళ్ళయిన మొదటేడు, మొగుడు మంచివాడనే నమ్మకంతో రఘురామకి చెప్పింది. ఆయన కోప్పడలేదు.  "ఆ రూముకి నువ్వు ఎందుకు పోయినావు?" అన్నాడు. ఒకే ఒక్క ప్రశ్న.  "నాదే తప్పు," అంది. ఆయన సరే అన్నట్టు తలూపాడు. ఆ ఊపు ఆమె ఈ జన్మలో మరిచిపోదు. మరి ఆయన మాత్రం మరిచిపోయాడే! లేకపోతే ఇవాళ సంతోషంగా ఉంటుందని ఎట్లా అంటాడు? మరిచిపోయాడో, మరిచిపోయినట్టు ఉండడమే ఇంటికి మంచిదని అనుకున్నాడో ఆ పెరుమాళ్ళకే తెలియాలి.

పప్పు రుబ్బుతూ ఆమె దారులు వెతికింది. సభ మానేస్తే? కడుపునొప్పి అని పడుకుంటే? పడుకోవచ్చు. ముత్తుమారి మాత్రం ఆ కారెక్కుతుంది. పోనీ లేచి నిజం చెప్తే? మైదానం మిల్లుది, మిల్లు రఘురామ అన్నది, ఆమెకి బావగారు. రేప్పొద్దుటికి గేటుకి తాళం పడుతుంది. సాయంత్రమైతే బంతి పట్టుకుని వచ్చే పిల్లలు రోడ్డు పాలవుతారు. ఊరు ఊరంతా అడుగుతుంది, ముప్పై ఎనిమిదేళ్ళు నోట్లో ఏం పెట్టుకున్నావని. కుడితిలో పడ్డ ఎలుక బతుకయిపోయింది ఆమెకి. మిక్సీ ఆగినా చాలాసేపు ఆమె చెయ్యి మూత మీదే ఉండిపోయింది.

గుమ్మంలో కుర్చీ వేసుకుని కూచున్న గోవిందమ్మాళ్ ఆ వాలకం చూస్తూనే ఉంది. ఎనభై నాలుగేళ్ళొచ్చినా ఆవిడ కంటికి ఏదీ దాటిపోదు. పెళ్ళయిన కొత్తలో "మోకాళ్ళు కనపడేటట్టు ఎగిరే కోడలని చెప్పుకొనేదానికి సిగ్గుగా ఉంది" అన్న మనిషి. ఇవాళ మాత్రం పట్టుచీర తీసి పక్కన పెట్టుకుంది.

"పేయో దయ్యమో పట్టినట్టు నిలుచుకున్నావు ఏమే?"

"ఏం లేదత్తా. భయంగా ఉంది."

"శాలువా కప్పించుకొనేదానికి భయమేంది? నండ్రి అని రెండు మాటలు వందనం చెప్పి కూర్చో. మనింటి ఆడవాళ్ళు మైకులో జాస్తి మాట్లాడే అలవాటూ పళక్కమూ లేదు."

మూడింటికి ముత్తుమారి వచ్చింది. పక్క ఊరు సత్రపట్టి పిల్ల, పద్దెనిమిదేళ్ళు, కాలేజీలో మొదటేడు. పొడుగ్గా, బక్కగా, నవ్వితే మొహమంతా పళ్ళే. తల్లి అంబుజం అక్కడే బ్యాండేజి గుడ్డ నేసే మగ్గాల దగ్గర పనిచేస్తుంది. పిల్ల భుజాన సంచీ, చేతిలో కాగితం పొట్లం.

"అమ్మ ఇచ్చి పంపినాది మేడం. మీ మోకాలికి," అని పొట్లం విప్పింది. తెల్లటి బ్యాండేజి చుట్ట.

ఆ కొత్త గుడ్డ వాసనకి రంగనాయకి రెండడుగులు వెనక్కి వేసింది. ఊళ్ళో సగం మందికి అన్నం పెట్టే గుడ్డ అది. ఆమె మాత్రం ముప్పై ఎనిమిదేళ్ళుగా మోకాలు ఎంత సలిపినా తువ్వాలే చుట్టుకుంది.

"సార్ ఫోన్ చేసినారు మేడం, నాకే! ఎంత ప్రియంగా మాట్లాడినారో. ఎడమ మోకాలు ఎట్లుందమ్మా అని అడిగినారు. కవలపడొద్దు, దిగులొద్దు, వచ్చినంక నేనే కట్టు కట్టి సరిచేస్తాననినారు."

రంగనాయకి పిల్ల భుజం పట్టుకుంది. "నీ మోకాలు సంగతి ఆయనకి ఎవరు చెప్పినారు?"

"మీరే కదా మేడం. అకాడమీ ఫారంలో రాసినారే."

రాసింది. అవును, రాసింది. దెబ్బలూ నొప్పులూ అనే గడిలో, పోయిన వారం, తన గుండ్రటి అక్షరాలతో: ఎడమ మోకాలు అప్పుడప్పుడు నొప్పి, శ్రద్ధ అవసరం. పాతికేళ్ళుగా ఏ పిల్ల ఫారంలోనూ ఏ నొప్పీ దాచలేదు. దాచేది తప్పు కదా! అకాడమీ ఎవరిదో కనుక్కోకుండా, ఆ రూము తాళంచెవి తన చేత్తోనే తీసుకెళ్ళి ఇచ్చినట్టయింది.  

"ముత్తుమారీ, నువ్వు పోవద్దు."

పిల్ల మొహంలో పళ్ళు మాయమయ్యాయి. "ఎందుకు మేడం?"

ఎందుకు? చెప్పు రంగనాయకీ, ఎందుకో చెప్పు. గొంతు దాకా వచ్చింది. హాల్లోంచి రఘురామ దగ్గు వినిపించింది. "నీ మోకాలు సరిలేదు," అంది.

"అందుకే కదా మేడం పోతా ఉండేది? సార్ చూస్తాననినారే!" పిల్ల కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "మా అమ్మ మగ్గం దగ్గర అందరికీ చెప్పేసినాది మేడం. నాలో ఏం తప్పు చూసినారు?"

ఒకప్పుడు తను అడగలేకపోయిన ప్రశ్నే. అచ్చం తను రఘురామ ముందు నిలబడినప్పటి మొహమే. ఆమె పిల్ల తల నిమిరి, "నీ తప్పేం లేదు. సభకి రా," అని మాత్రం అనగలిగింది.

రఘురామ లోపలికి వచ్చాడు. "ఆ పిల్లని ఎందుకు భయపెడతా ఉన్నావు?" అన్నాడు, ముత్తుమారి వెళ్ళినాక.

"ఆయన ఎవరో మీకు గుర్తు లేదా?"

ఆయన చొక్కా గుండీ పెట్టుకోవడం ఆపలేదు. "పాత కథ. ఆయనకి డెబ్బై అయిదేండ్లు. ఇప్పుడు ఏం చేస్తాడు? అన్న మరియాద అంతా ఇవాళ సభలో ఉంది. మనసులో పెట్టుకొని ఏదీ చెడపకు." గుమ్మం దగ్గర ఆగి, "సార్‌కి లేటవుతుందంట, నేరుగా మైదానానికే వస్తాడు. వడలు క్యారియర్‌లో పెట్టు," అన్నాడు.

అంటే గుర్తుంది. అన్నీ గుర్తున్నాయి. అదొక్కటే ఇన్నాళ్ళూ తెలియనిది, అదీ తెలిసిపోయింది. ఆమె వడలు క్యారియర్‌లో సర్ది, చెట్నీ గిన్నె మూత బిగించి, పట్టుచీర కట్టుకుంది. తన సన్మానానికి తనే క్యారియర్ మోసుకుంటూ బయలుదేరింది.

మైదానంలో పందిరి వేశారు. గేటు పక్కన తెల్ల కారు ఉంది, డిక్కీ తెరిచి డ్రైవరు ముత్తుమారి సంచీ లోపల పెడుతున్నాడు. అంబుజం పక్కనే నిలబడి ఆ కారుకి రెండు చేతులూ ఎత్తి దండం పెడుతోంది. రంగనాయకి అటు తిరిగింది. రఘురామ ఆమె మోచెయ్యి పట్టుకుని వేదిక మీదికి నడిపించాడు.

రాజగోపాల సార్ జుట్టు పూర్తిగా నెరిసింది. మంచి తాతగారిలా ఉన్నాడు. దుర్మార్గుడు దుర్మార్గుడిలా కనిపిస్తే లోకంలో ఇన్ని తిప్పలెందుకు? శాలువా కప్పేటప్పుడు వంగి, మైకుకి అందకుండా అడిగాడు. "మోకాలు ఎట్లుందమ్మా ఇప్పుడు?"

తైలం వాసన. నిజంగా వచ్చిందో, తన తలలోంచి వచ్చిందో ఆమెకి తెలియలేదు.  ముందు వరసలో ఆమె జట్టు పిల్లలు పన్నెండు మంది సిమెంటు నేల మీద బాసింపట్టు వేసుకుని కూచున్నారు. ముత్తుమారి తల వంచుకుని ఉంది. ఈ పిల్లని ఎలాగో ఆపినా వచ్చే ఏడు ఇంకో పిల్ల, ఆపైన ఇంకో పిల్ల. వాళ్ళ ఫారాలన్నీ ఎవరో ఒకరు గుండ్రటి అక్షరాలతో నింపి పంపుతూనే ఉంటారు. "రెండు మాటలు," అని బావగారు మైకు ఆమె వైపు జరిపారు.

రంగనాయకి మాట్లాడలేదు. పక్కకి తిరిగి కుడిచెయ్యి పైకెత్తింది.

జనం దండం అనుకుని చప్పట్లు కొట్టారు. ముందు వరసలో పన్నెండు మందీ కొట్టలేదు. మేడం చెయ్యెత్తడం వాళ్ళు ఎప్పుడూ చూడలేదు. ముత్తుమారి తలెత్తింది.

"ఫౌల్ నాది," అంది రంగనాయకి.  "ఎనభై ఏడులో, క్యాంపులో, మోకాలికి కట్టు కడతానని పిలిచి, ఈయన రూము తలుపుకి గడియ పెట్టినాడు. నాకు ఇరవై ఏండ్లు. నన్ను పాడు చేసినాడు. నేను చెప్పలేదు. నా తరువాత ఆ రూముకి ఎంతమంది పోయినారో నాకు తెలీదు. పోయిన వారం నా పిల్లకి మోకాలు నొప్పని నా చేత్తోనే ఈయనకి రాసి పంపినాను. ఆ రూముకి పోయింది నా తప్పు కాదు. ఇన్నాళ్ళు దాచింది నా తప్పు."

"నాయకీ!" రఘురామ కుర్చీ పడేసి లేచాడు. "చెయ్యి దించు! దించి కిందికి రా!"

భయం పోయిందనుకునేరు. పోలేదు. శాలువా జారి కింద పడింది. ఎత్తిన చెయ్యి కొమ్మలా ఊగుతోంది. కానీ స్కోరర్ రాసుకునేదాకా దించకూడదు, అది ఆమె నేర్పిన రూలే. కింద ముత్తుమారి లేచింది. కుంటుకుంటూ కారు దగ్గరికి పోయి, డ్రైవరు చూస్తూ ఉండగానే డిక్కీ తెరిచి, తన సంచీ తీసుకుని తల్లి పక్కన నిలబడింది.

రంగనాయకి అప్పుడు తల తిప్పి, పెద్ద కుర్చీలో కూచున్న రాజగోపాల సార్ వైపు చూసింది. ఆయన రెండు చేతులూ ఒళ్ళో బిగించుకుని ఉన్నాడు.

"నాది అయింది. ఇప్పుడు మీరు ఎత్తండి సార్."