మసి పూత రేకు

ఆ ప్రయోగశాలలో రేకులు చేసేది చెల్లెలు, వాటిమీద లేజర్ పేల్చేది అక్క. వెంట్రుకలో వెయ్యో వంతు మందముండే రేకును లోహపు చట్రానికి అతికించాలి. ఊపిరి గట్టిగా వదిలితే చిరిగిపోతుంది. లేజర్ తగలగానే ఆ రేకు ప్లాస్మాగా, అంటే విడివడిన విద్యుత్ కణాల ముద్దగా, మారుతుంది. ముందు ఎలక్ట్రాన్లు ఎగిరిపోతాయి, వాటి లాగుడుకి ప్రోటాన్లు వెనకాలే దూసుకొస్తాయి. క్యాన్సర్ వైద్యానికి అలాంటి ప్రోటాన్లు కావాలంటే భవనమంత యంత్రం ఉండాలి. దాన్ని ఒక్క గదిలో ఇమిడ్చాలన్నది అక్క పదేళ్ళ పంతం.

ప్రోటాన్ల వేగం ఎంతకీ పెరగక అక్క కుంగిపోయి ఉన్న రోజుల్లో, చెల్లెలు తనంతట తానే రేకు ముందువైపు దూదిలా గుల్లగా ఉండే కార్బన్ మసి పట్టించింది. మసిలో దూరిన కాంతి మరింత చిన్న చోటికి కుదించుకుని రేకును కొడుతుందేమోనని ఆమె ఆలోచన. పదిహేడు రేకులు చెడ్డాయి. పద్దెనిమిదోదానికి ప్రోటాన్ల శక్తి రెట్టింపైంది. అక్క ఆమెను వాటేసుకుని ఏడ్చింది. ఖాయమయ్యేదాకా ఎవరితోనూ అనొద్దంది. చెల్లెలు ఇంట్లో భర్తకు కూడా చెప్పలేదు.

మూడు నెలల తరవాత ఒక పెద్ద సమావేశంలో అక్క ఆ ఫలితం ప్రకటించింది. మసి పూత ఆలోచన తన లెక్కల్లోంచి పుట్టిందంది. చివర్లో తెరమీద, అప్పటికే అచ్చైన వ్యాసం కింద ఆరు పేర్లు వచ్చాయి. వెనక వరసలో కూర్చున్న చెల్లెలు ఆరూ చదివి, ఎక్కడైనా దాటేశానేమోనని మళ్ళీ చదివింది. అందరూ చప్పట్లు కొడుతుంటే ఆమె చేతులు కూడా అలవాటుగా కలిశాయి. దానికే తనమీద తనకు ఎక్కువ కోపమొచ్చింది.

సాయంత్రం అక్క గదికి వెళ్ళింది.

“నా పేరేదక్కా?”

అక్క కాగితాలు సర్దడం ఆపలేదు. “సొంత చెల్లెలి పేరు ఎక్కించుకుందంటారే. పైగా నీది చేతిపని. రేకులు చేసినవాళ్ళ పేర్లు ఎవరు రాస్తారు చెప్పు?”

“ఆలోచన కూడా చేతిపనేనా?”

అక్క కాగితాల కట్ట సంచిలో పెట్టుకుని లేచింది. చిన్నప్పుడు అక్క సైన్సు రికార్డులో బొమ్మలన్నీ చెల్లెలే గీసిపెట్టేది. మార్కులు అక్కకొచ్చేవి. అప్పుడది ముద్దుగానే ఉండేది.

ఆ రోజునుంచి చెల్లెలు అక్క పంపిన కాగితంమీద ఉన్న కొలతల ప్రకారమే రేకులు చేసిచ్చింది. మసి పట్టించేటప్పుడు రేకును కాస్త వేడిగా ఉంచాలన్నది ఆ కాగితంలో లేదు. ప్రోటాన్ల శక్తి పాత చోటికే దిగిపోయింది. నెలన్నరకి అక్క ఆమె బల్లదగ్గరకొచ్చి నిలబడింది.

“ఏదో దాచావు కదూ?”

“నువ్వు అడగలేదు. నీ లెక్కల్లో ఉంటుందిలే అనుకున్నాను.”

అన్నదేగాని ఆమెకు నిద్ర పట్టలేదు. ఆ ఒక్క గది యంత్రంకోసం ఎదురుచూసే రోగులు తనకేం ద్రోహం చేశారు? మర్నాడు పద్ధతంతా నాలుగు పేజీల్లో రాసి, తేదీలున్న తన నోటుపుస్తకంతో సహా ప్రయోగశాల పెద్దకు ఇచ్చింది. ఆయన అక్కను పిలిపించి ఆ ఆలోచన ఎవరిదని అడిగాడు. అక్క కాదనలేకపోయింది. వ్యాసానికి సవరణ వెలువడింది, ఏడో పేరు చేరింది. రేకులు మళ్ళీ బాగా పనిచేశాయి.

అక్క మాత్రం రేకులకోసం ఇప్పుడు వేరేవాళ్ళని పంపుతోంది. అమ్మ ఫోన్ చేసి, ఒక్క పేరుకోసం తోడబుట్టినదాన్ని నలుగురిలో తలదించుకునేలా చేస్తావా అని కేకలేసింది. చెల్లెలు ఏదో చెప్పబోయి, పొయ్యిమీద పాలున్నాయని ఫోన్ పెట్టేసింది.