తడి నేలలో సబ్‌సాయిలర్

వేసవంతా కాంట్రాక్టరు కంకర లారీలు కౌలు పొలాల మీదుగానే తిరిగాయి. అడిగినవాళ్ల నోళ్లు మూయించారు. నేల గచ్చులా బిగిసింది. గునపం వేస్తే జానెడు దిగి ఠంగుమంది. అడుగున గట్టిపొర పడితే నీరింకదు, వేరు దిగదు, పైరు నిలువునా చస్తుంది. పగలగొట్టిస్తానని మాటిచ్చిన ఆ కాంట్రాక్టరు పెద్దమనిషి వానలు పడేదాకా నిద్రపోయి, ఇవాళ తీరిగ్గా ట్రాక్టరు వెనక గట్టిపొరను చీల్చే ఇనుప కొమ్మున్న సబ్‌సాయిలర్ తగిలించి పంపాడు. పనైపోయిందని రైతుల వేలిముద్రలు కావాలిగా మరి!

ట్రాక్టరు మీద డ్రైవరు కొమ్ము దింపకుండా కూర్చున్నాడు. తడి నేలలో ఆ ఇనుప కొమ్ము పొరను పగలగొట్టదు, మట్టిని మెత్తి ఇంకా బిగిస్తుంది. అది అతనికి తెలుసు. నడపనన్న పాత డ్రైవరుని డీజిల్ దొంగని చేసి లోపలేయించారనీ తెలుసు.

ఎదురుగా నలభైమంది కౌలురైతులు. ముందు అతని సొంత పెద్దమ్మ. ఆమె మూరెడు గుంట తవ్వి, అడుగు మట్టి తీసి పిసికింది. ముద్దయింది.

"చూశావట్రా? పొడిగా రాలితే దున్ను. ఇప్పుడు దింపావో, వచ్చే ఏడు కూడా మా నోట్లో మట్టే."

"నీకు దణ్ణం పెడతా, తప్పుకో పెద్దమ్మా! నన్ను లోపలేస్తారు."

"మాకు మాత్రం భయం లేదనుకున్నావా? ఒక్కదాన్నే రాలేకే ఇందర్ని వెంటేసుకొచ్చా."

అందరూ చక్రాల ముందు కూర్చున్నారు. గట్టు మీంచి కాంట్రాక్టరు అరిచాడు. "ఏంట్రా నానుస్తున్నావ్? పోనియ్! మీదకొస్తే వాళ్లే లేస్తారు."

ఒక్కరూ లేవలేదు. డ్రైవరు తాళం తిప్పి ఇంజను ఆపేశాడు.

"నేలారాక నేనే దున్నుతానండి. తడిలో మాత్రం... దింపనండి."

అరగంటలో పోలీసు జీపు దిగింది. "డీజిల్ దొంగ వీడేనా?" అన్నాడు ఎస్సై.

"ట్యాంకు నిండుగా ఉంది, మూత తీసి చూడయ్యా!" అని గుంపులోంచి ఓ ముసలాయన కేకేశాడు. ఎవరు చూస్తారు? డ్రైవరు చొక్కా పట్టుకుని లాక్కుపోయి జీపులో పడేశారు. అతనికి ఏడుపొచ్చింది. దాచుకోలేదు.

అంతలో జనం లేచి, ట్రాక్టరుకి సబ్‌సాయిలర్‌ని బిగించిన పిన్నులు లాగేశారు. ఇనుము బురదలో కూలబడింది. నలభైమందీ దాని చుట్టూ కూర్చున్నారు. పెద్దమ్మ కేక జీపుదాకా వినిపించింది.

"నేలారేలోపు మావాణ్ణి పంపండి. ఇది దున్నేది వాడే. ఇంకెవడు ముట్టుకున్నా ఊరుకోం."

పైన మళ్లీ మబ్బు పట్టింది. ఎవరూ ఇళ్లకు పోలేదు.