కారు ఆట

పక్షవాతం వచ్చి తగ్గాక మావయ్యకు ఆ పాత కంప్యూటర్‌లోని కారు ఆటే లోకం. ఆయన కుడిచేతి వేళ్ళు కాస్తో కూస్తో మాట వినేది ఆ మీటల దగ్గరే. కాకపోతే అది ఆన్ అవడానికి ఒక యుగం పట్టేది. ఎవరూ అడక్కుండానే అల్లుడు నడుం కట్టాడు.

"మెమరీ పెంచుతాను మావయ్యా, ఇక గుర్రంలా పరిగెడుతుంది."

పాత మెమరీ ముక్క ఒక పట్టాన ఊడి రాలేదు. పళ్ళు బిగించి లాగేసరికి కింది బోర్డు ఫెళ్ళున విరిగింది. అలాంటిది ఇప్పుడెక్కడా దొరకదన్నారు. చేసేది లేక, దొరికిన వాటిలోకెల్లా పాతది తెచ్చి బిగించాడు. అదీ పదింతలు వేగమైనదే.

కంప్యూటర్ చిటికెలో లేచింది. మావయ్య మొహం విప్పారింది. కానీ ఆయన వేలు మీట మీదికి చేరేలోపే కారు గోడకు గుద్దుకుంది. మళ్ళీ మొదలుపెట్టాడు, మళ్ళీ గుద్దుకుంది. ఆ ఆట అప్పటి నెమ్మది మిషన్లకు తగ్గట్టు రాసిందని, మిషన్ ఎంత వేగమైతే కారూ అంత వేగంగా పోతుందని అల్లుడికి అప్పుడు వెలిగింది. తెలిసిన కిటుకులన్నీ ప్రయోగించాడు. ఒక్కటీ పనిచేయలేదు.

నాలుగు తిట్టినా బాగుండుననిపించింది అతనికి. మావయ్య మాత్రం వేలు మీటకు ఆనించే ఉంచి, బతిమాలుతున్నట్టు అన్నాడు.

"బాగా చేశావు బాబూ. కాస్త నెమ్మదిగా వెళ్ళమని చెప్పు దానికి, అంతే."