కుడిపక్క ఊళ్లో ఎడమపక్క ఆటో

నేను ఒక ఆటోని. అలాగని మంచిర్యాల బస్టాండు ముందు నిలబడి చెయ్యి ఊపితే వచ్చి ఆగేదాన్ని కాను. నాలో ఎవరూ డీజిల్ పోయరు. నా హారన్ విని ఏ గేదే పక్కకు తప్పుకోదు. నేనుండేది ఒక కంప్యూటర్లో, ఏనాటిదో ఒక పాత ఆటలో. ఆ ఆటలో ఓ పెద్ద విదేశీ పట్నం ఉంది. ఆడేవాళ్లు తమకు నచ్చిన బండి ఎక్కి నచ్చిన వీధిలో తిరగొచ్చు. కట్టినవాళ్లు ఆ పట్నంలో సముద్రం పెట్టారు, వంతెనలు పెట్టారు, రైళ్లూ విమానాలూ పెట్టారు. ఆటో ఒక్కటే మరిచిపోయారు. ఆటో లేని ఊళ్లో జనం ఇన్నేళ్లు ఎలా బతికారో నాకిప్పటికీ అంతుపట్టదు. ఆ లోటు తీర్చడానికే నేను పుట్టాను.

నన్ను పుట్టించినవాడి పేరు రవీందర్. మంచిర్యాలలో ఫ్లెక్సీల దుకాణం అతనిది. నాయకుల మొహాల మీద మచ్చలు తుడిచి, బట్టతలల మీద నాలుగు వెంట్రుకలు మొలిపించి, పక్కన పులిబొమ్మ పెట్టి 'జన్మదిన శుభాకాంక్షలు' అని రాయడం అతని వృత్తి. గిరాకీ లేనప్పుడు ఆ పాత ఆట ఆడుకోవడం అతని వ్యసనం. ఆ ఆటకు ప్రపంచం నలుమూలలా అభిమానులున్నారు. వాళ్లు తమ ఊరి బండ్లను తయారుచేసి అందులో పెట్టుకుంటారు. ఎవడో పేరు తెలియని పుణ్యాత్ముడు రంగూ రూపూ లేని ఆటో బొమ్మ ఒకటి ఇంటర్నెట్‌లో ఊరికే పెట్టాడు. రవీందర్ దాన్ని దింపుకొని, రంగులు వేసి నన్ను చేశాడు. పసుపు ఒళ్లు, నల్ల టాపు, పక్కలకు గులాబీ చారలు, ముందు అద్దం కింద నిమ్మకాయ మిరపకాయల దండ, వెనక పురివిప్పిన నెమలి. అందం గురించి నేనే చెప్పుకోవడం బాగుండదు గానీ, ఆ పట్నంలో నన్ను మించిన బండి లేదు.

ఇక్కడ ఒక ఇంటిగుట్టు చెప్పాలి. ఆ పాత ఆటకు రెండు చక్రాల బండి తెలుసు, నాలుగు చక్రాల బండి తెలుసు, మూడు చక్రాలంటే తెలియదు. అందుకని నాకు నాలుగు చక్రాలున్నాయి. ముందు రెండింటినీ ఒకదాంట్లో ఒకటి దూర్చి ఒకటే అన్నట్టు కనిపించేలా చేశాడు. ఈ సంగతి బయటివాళ్లకు తెలియదు.

పుట్టడం తేలికే, ఆటలోకి అడుగుపెట్టడమే కష్టమైంది. కొత్త బండికి అక్కడ వేరే చోటు ఉండదు. ఉన్న బండిని ఒకదాన్ని తీసేసి దాని స్థానంలో కూర్చోవాలి. రవీందర్ టాక్సీని తీసేసి నన్ను కూర్చోబెట్టాడు. పాత టాక్సీ ఫైలును ముందు జాగ్రత్తగా ఎక్కడైనా దాచాలని అందరూ చెబుతారు, అందరూ తర్వాత దాచుకుందామనుకుంటారు. ఇతనూ అందరిలాంటివాడే. మీట నొక్కాడు. ఆట తెరుచుకోలేదు. మళ్లీ నొక్కాడు. తెర నల్లబడి, కంప్యూటరు గుర్రుమని, ఆరిపోయింది.

తప్పు ఎక్కడ జరిగిందో కనిపెట్టడానికి పాపం తల పట్టుకు కూర్చున్నాడు. తీరా చూస్తే అలవాటు కొద్దీ నా రంగుల బొమ్మలన్నీ ఫ్లెక్సీ కొలతల్లో చేశాడు. నా వెనకున్న నెమలి ఒక్కటే చౌరస్తాలో నాయకుడి పక్కన కట్టేంత పెద్దది. దాన్ని మింగలేక ఆ ముసలి ఆట గుటకలు వేసింది. సైజు తగ్గిద్దామని గబగబా అన్నిటినీ కోశాడు. ఆ కోతలో నెమలికి ఒక కాలు పోయింది. అప్పటికి అతను అది చూసుకోలేదు.

ఈసారి ఆట తెరుచుకుంది. ఒక్క ఆటో పెట్టాననుకున్నాడు గానీ, ఆ ఊళ్లో టాక్సీ కనిపించాల్సిన ప్రతిచోటా నేనే కనిపించాను. విమానాశ్రయం ముందు వరసగా నేను, వంతెన మీద నేను, పెద్ద హోటలు ముందు నేను. కోటూ బూటూ వేసుకున్న దొరలు నాలోంచి దిగుతుంటే రవీందర్ కుర్చీలోంచి లేచి చప్పట్లు కొట్టాడు. ఒక్కటే ఇబ్బంది. టాక్సీలో డ్రైవరు సీటు ఎడమపక్కన ఉంటుంది, ఆటోలో నడుమ ఉంటుంది. సీటు జరపడం మరిచాడు కాబట్టి నా డ్రైవరు బండి బయట, గాలిలో కూర్చుని, కనిపించని స్టీరింగు పట్టుకుని పోతున్నాడు.

సరిగ్గా అప్పుడే రవీందర్ భార్య స్వరూప టిఫిన్ డబ్బా పట్టుకుని దుకాణంలోకి వచ్చింది.

ఆమె గురించి చెప్పకుండా నా కథ ముందుకు నడవదు. స్వరూప వాళ్ల మహిళా సంఘానికి ఒక కొత్త ఆటో మంజూరైంది. నడపడానికి ముందుకొచ్చింది స్వరూప ఒక్కతే. లైసెన్సు తెచ్చుకుంటే బండి ఆమెది, లేకపోతే వేరే సంఘానికి వెళ్లిపోతుంది. మైదానంలో నేర్చుకోవడం మొదలుపెట్టింది. కాస్త చెయ్యి తిరిగాక, ఉత్సాహం కొద్దీ శిక్షణ బండిని తన వీధిలోకి తెచ్చింది. ఆ రోజే ఆ వీధిలో పెళ్లి భోజనాలు. బండి వెళ్లి షామియానా గుంజను తాకింది. డేరా మొత్తం మెల్లగా దిగి, బంతిలో కూర్చున్నవాళ్ల మీద పరుచుకుంది. ఎవరికీ దెబ్బ తగల్లేదు. కానీ సాంబారు నెత్తిన పోసుకుని డేరా కిందనుంచి పాక్కుంటూ వస్తున్న పెద్దమనుషుల్ని ఎవరో ఫోనులో పట్టి, వీధిలోని ప్రతి వాట్సాప్ గ్రూపుకూ పంచారు. అంతే, ఆ తర్వాత హ్యాండిల్ మీద చెయ్యి వేస్తే చాలు స్వరూపకు అరచేతులు తడిసిపోయేవి. ఎదురుగా ఏదైనా వస్తే కళ్లు మూసుకునేది. నేర్పే మాస్టారు కూడా బండి ఎక్కే ముందు దేవుణ్ని తలుచుకోవడం మొదలుపెట్టాడు.

అలాంటి స్వరూప తెర వైపు చూసింది. "గా మనిషి బండి బయట కూసున్నడేందయ్యా?" అంది.

"సీటు జరపాలె. జెర ఆగు," అన్నాడు రవీందర్.

"నేనే నయం. బండి లోపల కూసోనే గుద్దిన," అని పడిపడి నవ్వింది. ఆ షామియానా సంగతి మీద ఆమె నవ్వడం అదే మొదటిసారి. రవీందర్ చెయ్యి మీట మీదే ఆగిపోయింది. ఆమె నవ్వుతుంటే కళ్లార్పకుండా చూశాడు.

సీటు జరిపాడు. కుర్చీ ఆమె ముందుకు లాగాడు. "నువ్వే నడుపు. గుద్దినా ఎవ్వలికేం గాదు," అన్నాడు.

మొదటి రోజు ఆమె నన్ను దేనికి గుద్దిందో చెప్పేకంటే దేనికి గుద్దలేదో చెప్పడమే సులువు. దీపస్తంభాలు, పూలకుండీలు, పోలీసు జీపు, చివరికి సముద్రం. నా అద్దాలు పగిలాయి, ఊడిపోవడానికి నాకు తలుపులు లేవు కాబట్టి బతికిపోయాను. పగిలిన ప్రతిసారీ మరుక్షణంలో కొత్తగా పుట్టాను. జనం ఇంగ్లీషులో తిట్టారు. "ఏం తిడుతుండ్రో సమజైతలేదు, మంచిగున్నది," అంది స్వరూప. ఎవరూ ఫోను తియ్యలేదు. ఎవరూ నవ్వలేదు.

అంతకుముందు ఎప్పుడు చూసినా ఆటేనా అని మొగుణ్ని తిట్టిపోసిన మనిషే రోజూ డబ్బా వంకతో వచ్చి కూర్చునేది. "మన ఆటో మూల తిరిగేటప్పుడు గింత తేలిగ్గ తిరగదయ్యా, ఒకదిక్కు ఒరుగుతది," అని చెబితే, రవీందర్ నా బరువూ మలుపూ రాసి ఉన్న అంకెల వరసలో అంకెలు మార్చి నన్ను ఒరిగేలా చేసేవాడు. వాళ్ల పెళ్లయ్యాక ఇద్దరూ కలిసి ఒక పని మీద ఇంతసేపు కూర్చోవడం నా వల్లే జరిగింది. మైదానంలో నేర్పిన మాస్టారి పాత్ర కూడా కొంత ఉంది, కాదనను. క్లచ్చూ గేరూ నేర్పింది ఆయనే. ధైర్యం నేర్పింది మాత్రం నేనే.

ఇంత గొప్పగా నేర్పి, ఒక్క చిన్న విషయం మరిచాను. మా పట్నంలో బండ్లన్నీ రోడ్డుకు కుడిపక్కన నడుస్తాయి.

పరీక్ష రోజు స్వరూప మైదానంలో బండిని ముందుకు నడిపింది, వెనక్కి నడిపింది, గీతల మధ్య తిప్పింది. ఎక్కడా వంక లేదు. బ్రేక్ ఇన్‌స్పెక్టర్ సంతోషించి, వెనక సీట్లో కూర్చుని, "రోడ్డు మీదికి పోనియ్యమ్మా," అన్నాడు. స్వరూప గేటు దాటి, ఎంతో నమ్మకంగా, చెయ్యి చూపించి మరీ, కుడిపక్కకు వెళ్లి కుడిపక్కనే సాగిపోయింది. ఎదురుగా బస్సు కనిపించేసరికి కాళ్లూ చేతులూ బిగుసుకుపోయి రోడ్డు నడుమ ఆగిపోయింది. ఇన్‌స్పెక్టర్ దిగి, చెమట తుడుచుకుని, "ఇది ఏ దేశమనుకున్నవమ్మా?" అని ఒకే ఒక్క మాట అడిగాడు.

పరీక్షలో ఫెయిల్ చేశాడు. మళ్లీ రమ్మన్నాడు. సంఘం అధ్యక్షురాలు శ్యామలక్క ఇంటికొచ్చి, "ఈసారన్న పాసుగావాలె స్వరూపా. అవతలి సంఘమోళ్లు బండి కోసం కాసుకోని ఉన్నరు. ఇగ నేను ఆపలేను," అని మెత్తగానే చెప్పి వెళ్లింది.

స్వరూప దుకాణానికి రావడం మానేసింది. రవీందర్ హోటల్లో తిన్నాడు. అతను పట్నాన్నంతా తిరగేసి బండ్లను ఎడమకు మళ్లించాలని తంటాలు పడ్డాడు. ఫైళ్లు మార్చాడు, ఆట పాడైంది, మళ్లీ ఎక్కించాడు, మళ్లీ పాడైంది. నాకు సిగ్గేసింది, నిజమే చెబుతున్నాను. నేను నేర్పినదే ఆమెను ముంచింది. ఇన్ని హంగులున్న నాకు 'అమ్మా, మీ ఊళ్లో ఎడమపక్కన పోవాలి' అని ఒక్క మాట చెప్పే నోరు లేకపోయింది.

ఒకనాడు స్వరూప వచ్చింది. చేతిలో డబ్బా లేదు, మొహంలో నవ్వు లేదు.

"గా ఊరి రోడ్లు మారయా?" అని అడిగింది.

"నాతోని అయితలేదే," అన్నాడు రవీందర్ తల దించుకుని.

"మారకపోతే పాయె. నేనే ఎడమదిక్కు నడుపుత. లే, కుర్సీ ఇడువు."

కూర్చుంది. నన్ను ఎడమపక్కకు తీసింది. ఇక చూడండి నా అవస్థ. పట్నం పట్నమంతా మా మీదికి వచ్చింది. కార్లు, లారీలు, పోలీసు జీపులు, ఆఖరికి నా రూపంలోనే ఉన్న నా తోబుట్టువులు, అన్నీ హారన్లు మోగించుకుంటూ మొహం మీదికే వచ్చాయి. మొదట్లో ఆమె కళ్లు మూసుకునేది, నేను తుక్కయ్యేదాన్ని. తర్వాత ఒక కన్ను మూసుకునేది, నేను సగం తుక్కయ్యేదాన్ని. కొన్నాళ్లకు రెండు కళ్లూ తెరిచే ఉంచింది. ఎదురుగా వచ్చేదాన్ని దూరంనుంచే చూడడం, అది ఎటు తిరుగుతుందో పసిగట్టడం, వేగం తగ్గించి పక్క సందు వెతుక్కోవడం అలవాటైంది. చివరికొకనాడు ఆ ఊళ్లో జనమంతా ఒక దారి, మేమిద్దరం ఒక దారిగా, వంతెన ఈ చివరనుంచి ఆ చివరకు గీత పడకుండా వెళ్లాం. రవీందర్ చప్పట్లు కొట్టలేదు. నోరు తెరుచుకుని నిలబడ్డాడు.

రెండో పరీక్షకు నేను వెళ్లలేదు, వెళ్లలేను. కానీ ఆమె దుకాణంలోకి వచ్చి చెప్పిన మాటలు చెవులారా విన్నాను. అదే ఇన్‌స్పెక్టర్, ఈసారి సీటు కమ్మీని రెండు చేతులా పట్టుకుని కూర్చున్నాడట. స్వరూప ఎడమపక్కన బుద్ధిగా పోతోందట. ఇంతలో గడ్డిమోపులు కొండంత ఎత్తున వేసుకుని ఒక ట్రాక్టరు రాంగ్ రూట్లో, సరాసరి ఆమె మీదికే వచ్చిందట. మంచిర్యాలలో అది వింతేమీ కాదు.

"ఇన్‌స్పెక్టర్ సారు 'అమ్మో' అని ఒర్రిండు," అంది స్వరూప. "నాకు నవ్వొచ్చింది. గా ఊళ్లె గిసొంటియి రోజుకు ఎన్ని చూసిన! నిమ్మళంగ స్లో చేసి, సైడుకు తీసి, దాన్ని పోనిచ్చి, మల్ల రోడ్డెక్కిన. సారు దిగినంక 'గింత ధైర్యం ఎక్కడ నేర్చుకున్నవమ్మా' అని అడిగిండు."

"ఏం జెప్పినవ్?"

"మా ఆయన దుకాణంల అని చెప్పిన."

రవీందర్ మొహం మతాబాలా వెలిగింది. నా పేరు చెప్పలేదని నాకు చిన్న కినుక. అయినా పెద్దమనసుతో ఊరుకున్నాను.

సంఘం ఆటో స్వరూప చేతికి వచ్చాక దానికి స్టిక్కర్లు వేసే పని రవీందర్ మీద పడింది. కొత్త డిజైను గీస్తానన్నాడు. వద్దు, కంప్యూటర్లో ఉన్నదే కావాలంది. గులాబీ చారలు, నిమ్మకాయ మిరపకాయలు, వెనక నెమలి, అన్నీ నా ఒంటి మీదనుంచే తీసి పెద్దవి చేశాడు. అప్పుడు కనిపించింది అతనికి నెమలి కాలు.

"అరె, ఒక్క కాలే ఉన్నది. ఇప్పుడే రెండోది పెడుత," అని మౌసు అందుకున్నాడు.

స్వరూప అతని చెయ్యి పట్టుకుని ఆపింది. "పెట్టకు. నేను భయపడుకుంట, ఏడ్సుకుంట నేర్చుకున్న బండి మీది నెమలికి ఒక్క కాలే ఉండె. గది గట్లనే ఉండనియ్యి."

రవీందర్ అలాగే ముద్రించాడు.

నిజం బండిని చూసి నకలు బండి చేస్తారని లోకం అనుకుంటుంది. మంచిర్యాలలో మాత్రం నన్ను చూసి నిజం బండిని చేశారు. కావాలంటే బస్టాండు దగ్గర నిలబడి చూడండి, ఒంటికాలి నెమలితో ఒక ఆటో ఎడమపక్కన పద్ధతిగా వస్తుంది. రాంగ్ రూట్లో ఎవరొచ్చినా దాని డ్రైవరు కంగారుపడదు.

రవీందర్ దుకాణంలో ఆ ముసలి కంప్యూటరు ఈ మధ్య పూర్తిగా మూలపడింది. పాత సామాను కొనేవాడు వచ్చి తీసుకుపోయాడు. దానికి ముందే స్వరూప నన్ను, నా పట్నంతో సహా, ఒక పెన్‌డ్రైవులోకి ఎక్కించమంది. ఆ పెన్‌డ్రైవు ఇప్పుడు ఆమె బండి తాళంచెవికి వేలాడుతోంది. రోజంతా నా పోలికతో ఉన్న ఆటోలోనే ఊరంతా తిరుగుతున్నాను, టికెట్టు లేకుండా.

నిన్న సంఘంలో కొత్తగా చేరిన ఒకావిడ, బండి నేర్చుకుంటుందట, స్వరూప పక్కన నిలబడి, "నాకు హ్యాండిల్ పట్టుకుంటెనే చేతులు వణుకుతయక్కా," అంది. స్వరూప ఇంజను ఆపి, తాళంచెవి తీసి, నన్ను దానినుంచి విడదీసి ఆవిడ అరచేతిలో పెట్టింది.

ఆ చెయ్యి తడిగా ఉంది. నాకు బాగా తెలిసిన తడి.