కాఫీకి కదిలిన సొట్టలు

ఈత టీచరు పూల్ గట్టు మీద నడుస్తుంటే మీరు ఏం చూశారు? నసగకండి, చెప్పండి. తొడల మీద సొట్టలు. అంతే కదా?

రోజూ పొద్దున్నే ఆడవాళ్ల గడ్డం కింద చెయ్యి పెట్టి, "భయం నీళ్లలో లేదు, మీ మెడలో ఉంది, వదిలెయ్యండి" అంటూ తేలించేది ఆమె. అది మీకు కనపడలేదు. పూల్ ఓనరుకీ కనపడలేదు.

"రేపు పోస్టరుకి ఫొటో. ఆ కాళ్లతో కుదరదమ్మా. నున్నగా చేసుకునిరా, లేదంటే వేరే అమ్మాయిని పెట్టుకుంటా" అన్నాడు.

ఆమె పిన్నికి పార్లర్ ఉంది. "వాడి మొహం మండ! వాడి పొట్ట ముందు నున్నగా చేసుకోమను" అని తిడుతూనే కాఫీపొడి నూనెలో కలిపి తొడలకి రుద్దింది. "కాఫీ నీళ్లు లాగి ఒక పూట చర్మం బిగిస్తుందే, అంతే. సొట్టలు చావవు. పక్కకి జరుగుతాయి."

ఆ పార్లర్‌లో ఎప్పుడూ జరిగేదే జరిగింది. సొట్టలు తొడల మీంచి లేచి కుర్చీలో కూర్చున్నాయి. తర్వాత వచ్చినావిడ వాటిని పక్కకి దులిపి కూర్చుంది. కాఫీ బిగువు దిగగానే అవే ఇంటికి పోతాయని అందరికీ తెలుసు.

మర్నాడు ఫొటో తీశారు. ఓనరు మురిసిపోయాడు. ఆమె పాఠానికి నీళ్లలో దిగింది. నీళ్లు తగిలేసరికి బిగువు కాస్తా దిగిపోయింది. సొట్టలు పార్లర్ కుర్చీ దిగి, రోడ్డు మీద స్కూటర్ల మధ్య నుంచి పరుగున వచ్చేశాయి.

ఓనరు గేటుకి అడ్డంగా చేతులు చాపాడు. "ఇంకో ఫొటో ఉంది. అది అయ్యేదాకా బయటే ఉండండి!"

నిలబడే చోటు లేక రెండు సొట్టలు వాడి బుగ్గలెక్కాయి.

"అబ్బ, సొట్టబుగ్గలు! మా ఓనరుగారు ఎంత ముద్దొస్తున్నారో!" అంది గట్టు మీద ఒకావిడ. వాడు ఫోన్‌లో మొహం చూసుకుని ఇటు నవ్వాడు, అటు నవ్వాడు. "నాదీ ఒక ఫొటో తియ్యవయ్యా" అన్నాడు.

టీచరు నీళ్లు కారుతూ ఎదురొచ్చి నిలబడింది.

"సార్, అవి నావి."

"ఏవి?"

"మీరు నవ్వితే పడుతున్నవి. నా తొడలవి."

వాడు బుగ్గలు రెండు చేతులతో కప్పుకున్నాడు. "రెండేగా, ఉండనీ తల్లీ! నీ ఉద్యోగం ఎక్కడికీ పోదులే."

"నా ఒంటిది ఒక్క సొట్ట వదలను. ఉద్యోగమూ వదలను. గేటు వదలండి, బుగ్గలూ వదలండి."

నడుముకి తువ్వాళ్లు చుట్టుకుని నిలబడ్డ ఆడవాళ్లు ఒక్కొక్కరే వాటిని తీసి గట్టు మీద పడేశారు. "ఇచ్చెయ్యండి సార్. ఆవిడవి ఆవిడకి వచ్చేదాకా మేం నీళ్లలో దిగం."

వాడి చేతులు కిందికి జారాయి. సొట్టలన్నీ గబగబా వచ్చి తొడల మీద వాటి వాటి చోట్లలో సర్దుకున్నాయి. ఆమె అలాగే గట్టు మీద నిలబడి, ఫొటో మళ్లీ తియ్యమంది. తీశారు. పోస్టరు మీద ఉన్నది అదే.

వాడి బుగ్గల మీద ఉన్నంతసేపు మీరూ ముచ్చటపడ్డారు. ఆమె తొడల మీదికి రాగానే మొహం తిప్పుకోమని మీకు నేర్పిందెవరు?