చెప్పులకంటిన దారి

కళ్లద్దాల కొట్టులో అద్దాలు అరగదీసే అమ్మాయికి ఆదివారం ఒక్కటే సెలవు. ఆ ఒక్కరోజూ తల్లి నస తప్పదు.

"అడవికి తీసుకెళ్లవే."

"మూడంతస్తుల మెట్లు దిగలేవు, నీకు అడవెందుకే అమ్మా?"

"మెట్లు దిగలేను గానీ అడవిలో నడవగలను."

ఈ మాటలు ఎన్నిసార్లు నడిచాయంటే, గోడమీది బల్లికి కూడా నోటికొచ్చేశాయి.

తల్లి పుట్టింది ఆ అడవి గేటు పక్క గదిలో. వాళ్ల నాన్న అక్కడ కాపలాదారు. పేరుకది జాతీయ వనం. రోడ్డు లేదు, బోర్డు లేదు, కూర్చోడానికి బల్ల లేదు. ఎటు చూసినా తుప్పలు, బండలు, బండలకన్నా పెద్ద దోమలు. ఉన్నదల్లా ఒకే ఒక్క కాలిదారి. దానికి మనుషులంటే మహా పిచ్చి. అందుకే బయటికొచ్చేవాళ్లు గేటు దగ్గర చెప్పులు దులుపుకోవాలి. లేకపోతే వెంటపడి వచ్చేస్తుంది.

"పోనీ, నేనెళ్లి చూసొచ్చి చెప్తాలే" అంది కూతురు ఒక ఆదివారం.

ఒంట్లో ఎముకలన్నీ చోటు మారేదాకా బస్సులో ఊగి వెళ్లింది. ఎండకు కాగిన ఆకుల వాసన పీల్చింది. దీన్ని అమ్మకు మాటల్లో ఎలా చెప్పాలా అనుకుంటూ వెనక్కి నడిచింది. గేటు దగ్గర వంగిందో లేదో, బస్సు హారన్ కొట్టింది. రోజుకదే చివరి బస్సు. పరుగు తీసింది.

"చెప్పులు దులిపావా అమ్మాయ్?" కాపలా ముసలాయన అరిచాడు.

"ఆఁ ఆఁ, దులిపా బాబాయ్!"

దారి బస్సు వెనకాలే వచ్చింది. వీధులు దాటి, మెట్లెక్కి, గడ్డీ గులకరాళ్లతో సహా తల్లి మంచం దాకా వచ్చి ఆగింది.

"మీ దారి మా గుమ్మంలో మట్టి పోస్తోంది. ఊడ్చేదెవరు, మీ తాతా?" అని కింది వాటా ఆవిడ కేకేసింది.

తల్లికి అవేం వినబడలేదు. "ఎంత చిక్కిపోయావే!" అని దారిని తడిమి, కాళ్లు కింద పెట్టింది. మెట్లు చూస్తేనే ఏడ్చే మోకాళ్లు కిక్కురుమనలేదు. ఆ దారినే నడిచిపోయి, పొద్దుపోయాక తిరిగొచ్చేసరికి బట్టల నిండా గడ్డిగింజలు, వయసులో పాతికేళ్లు తరుగు. అబద్ధమైతే ఆ బల్లినే అడగండి.

రోజూ అదే పని. వారం తిరక్కుండానే ముసలాయన ఫోను చేశాడు.

"మా దారి మీ ఇంట్లో ఉందా తల్లీ? వచ్చినవాళ్లు గేటు దగ్గరే నిలబడి వెనక్కి పోతున్నారు. తుప్పలు మూసుకొస్తున్నాయి. ఇంకొన్నాళ్లయితే లోపలికెవరూ పోలేరు."

"కొన్నాళ్లు ఉండనీ బాబాయ్. మా అమ్మ నడుస్తోంది."

తల్లి మంచం మీంచి అంతా విని, దువ్వెన అందుకుంది.

"నేనే దింపుతా దాన్ని."

"దింపితే తిరిగెలా వస్తావు?"

"మా నాన్న గది ఖాళీగానే ఉందట."

"మరి నేనో?"

తల్లి జుట్టు చిక్కు తీసుకోసాగింది. ఆ చిక్కు ఎంతకీ తెగలేదు. "ఆదివారాలున్నాయిగా" అంది చివరికి.

ఆమె ముందు నడుస్తుంటే దారి వెనకనుంచి చాపలా చుట్టుకుంటూ పోయింది. ఆఖరి గులకరాయి మెట్లమీద టకటకా దిగిపోయింది. కింది వాటా ఆవిడ చీపురు పట్టుకుని నిలబడింది గానీ, ఆ పూట ఊడ్వలేకపోయింది.

ఇప్పుడు గేటు దగ్గర తల్లి గొంతే. "దులపండి, గట్టిగా దులపండి!" అని వచ్చినవాళ్లందరినీ అదిలిస్తుంది. కూతురు చెప్పులు విప్పితే మాత్రం ఏమీ అనదు. అటు తిరిగి కూర్చుంటుంది.

కూతురు తనే దులుపుకుంటుంది. ఒక్క ఇసుకరేణువైనా మిగలకుండా, బస్సు హారన్ ఎంత కొట్టినా కదలకుండా.